ఊరూరా వార్ మెమోరియల్స్: నాలాగే ఆగి ఫొటోలు తీసేవాళ్లున్నారా?

లెస్టర్‌సుబ్బు
అందరికీ నమస్కారం. బ్రిటన్ వచ్చి నాలుగేళ్లు. వీకెండ్ కారేసుకుని ఎటు పోయినా ఊరి మధ్యలో ఒక రాతి శిలువో స్తంభమో, దాని కింద యుద్ధంలో చనిపోయిన ఆ ఊరివాళ్ల పేర్లు. ఇన్నాళ్లూ అది నాకు కారు ఎక్కడ పెట్టానో గుర్తుపెట్టుకునే ఆనవాలు మాత్రమే. పోయిన నెల పీక్ డిస్ట్రిక్ట్‌లో ఒక ఊళ్లో వాన పట్టుకుంటే బస్ షెల్టర్‌లో నిలబడి, ఏం తోచక ఎదురుగా ఉన్న పేర్లు చదివాను. పట్టుమని నలభై ఇళ్లు లేవు. పదకొండు పేర్లున్నాయి. మూడింటికి ఒకటే ఇంటిపేరు. అన్నదమ్ములో, పెదనాన్న చిన్నాన్న పిల్లలో మరి.

అప్పట్నుంచి ప్రతి ఊళ్లోనూ ఆగుతున్నా. మా ఆవిడ "తిరగడానికొచ్చామా, జనాభా లెక్కలు రాయడానికొచ్చామా" అంటోంది. నా డౌట్లు: ఫొటో తీయడానికి ఎవరినైనా అడగాలా? అరిగిపోయిన అక్షరాలు ఫొటోలో పడాలంటే ఎలా? కొన్నింటి మీద 1914-1918 అనీ, కొన్నింటి మీద 1914-1919 అనీ ఎందుకుంది? మనవాళ్ల పేర్లున్న రాళ్లు ఎక్కడైనా ఉన్నాయా?

పాతకెమెరా
రండి సుబ్బు గారూ, ఈ జబ్బుకి మందు లేదు. నాది పన్నెండేళ్ల కేసు.

ఆరుబయట ఉన్నవాటికి ఎవరినీ అడగక్కర్లేదు. చర్చి లోపల గోడకున్న ఫలకాలైతే అక్కడున్నవాళ్లని ఒక మాట అడగండి, చాలావరకు లైట్లు కూడా వేసిపెడతారు. ఎడిన్‌బరో కోటలోని స్కాటిష్ నేషనల్ వార్ మెమోరియల్ లోపల మాత్రం ఫొటోలు నిషేధం. కెమెరా సంచిలో పెట్టి, యుద్ధంలో సొరంగాలు తవ్వినవాళ్లకి తోడున్న ఎలకలకీ కానరీ పిట్టలకీ చెక్కిన శిల్పం ఎక్కడుందో వెతకండి.

1919 సంగతి: మొదటి ప్రపంచ యుద్ధంలో కాల్పులు ఆగింది 1918 నవంబర్ 11న, జర్మనీతో వెర్సాయ్ శాంతి సంధి మీద సంతకాలు పడింది 1919 జూన్‌లో. ఏ ఊరివాళ్లు దేన్ని ముగింపు అనుకుంటే అది చెక్కించారు.

ఇక్కడ ఇన్ని రాళ్లెందుకో తెలుసా? దేశం మొత్తమ్మీద సుమారు లక్ష ఉంటాయని అంచనా. చనిపోయినవాళ్లని ఇంటికి తెచ్చుకోవడం 1915లోనే ఆపేశారు. దొరబిడ్డయినా పాలేరయినా ఎక్కడ పడితే అక్కడే సమాధి. ఫ్రాన్స్ దాకా వెళ్లి చూసొచ్చే స్తోమత ఎంతమందికి ఉంటుంది? కొడుక్కి నాలుగు పూలు పెట్టుకోవడానికి ఆ తల్లికి ఈ రాయే దిక్కు. అందుకే నేను స్తంభం మొత్తం ఒక్క ఫొటోలో లాగి వచ్చేయను. నాలుగు వైపులా తిరిగి, ఒక్కో పలకని విడిగా తీస్తాను.

వరంగల్‌పిల్ల
సుబ్బు అన్నా, అరిగిన అక్షరాలకు నేనొక ఉపాయం చేసిన. మా దగ్గర గుడి శాసనాలకు సుద్దపొడి పూసి చదువుతరు కదా, గట్లనే పూద్దామని పోయిన. ఒక పెద్దాయన కుక్కను తోలుకొని పోతూ చూసి ఉరికొచ్చిండు. మంచిగనే చెప్పిండు కానీ మస్తు సిగ్గైంది.

పాతకెమెరా
అమ్మా, సుద్దా వద్దు, వైర్ బ్రష్ అసలే వద్దు. రాయి పైపొర లేచిపోతుంది. దానికి మందు వెలుతురే. పొద్దున్నో సాయంత్రమో ఎండ రాయి మీద ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లండి, ప్రతి గీతకీ నీడ పడి అక్షరం లేచి కూర్చుంటుంది. ఉత్తరం వైపు పలకకి ఆ భాగ్యం లేదు. అక్కడ ఒకరు టార్చిలైటు పక్కనుంచి, రాయికి దాదాపు ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు తీయాలి. నున్నటి నల్ల గ్రానైటయితే మీ బొమ్మే పడుతుంది, కాస్త పక్కకి జరిగి తీయండి.

సీసపు అక్షరాలు ఊడిపోయిన చోట రాతిలో చిన్న చిన్న బెజ్జాలు మిగులుతాయి. దగ్గరగా చూస్తే ఆ బెజ్జాల వరసే అక్షరం ఏదో చెప్పేస్తుంది. ఒకసారి అలా ఒక ఇంటిపేరు మొత్తం పట్టాను, ఉద్యోగంలో ప్రమోషనొచ్చినా అంత సంబరపడలేదు.

గోదారిగాలి
నా అనుభవం కూడా రాసుకోండి, మీకు పనికొస్తుంది. ఒక ఊళ్లో మెమోరియల్ స్కూలు గోడకి ఆనుకుని ఉంది. నేను మహా తెలివిగా స్కూలు వదిలే టైముకి పెద్ద లెన్స్‌తో అక్కడ నిలబడ్డాను. రెండు నిమిషాల్లో లోపల్నుంచి ఒకావిడ వచ్చి "మీరెవరు, ఏం తీస్తున్నారు" అని. వాళ్ల తప్పేం లేదు, నేనైనా అడిగేదాన్ని. తీసినవన్నీ చూపించి బయటపడ్డాను. బడుల దగ్గరైతే ఆదివారం వెళ్లండి.

లండన్‌లో ఉండేవాళ్లకి: పాడింగ్టన్ స్టేషన్ ఒకటో ప్లాట్‌ఫారం మీద ఇంటినుంచొచ్చిన ఉత్తరం చదువుకుంటున్న కంచు సిపాయి ఉన్నాడు, మెడలో మఫ్లర్, భుజాల మీద పెద్ద కోటు. మలిచింది శిల్పి జాగర్. గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఉద్యోగుల్లో యుద్ధంలో చనిపోయిన 2,524 మంది పేర్లు రాసి, పెట్టెలో పెట్టి ఆ పీఠంలోనే మూసేశారు. మూడేళ్లు రోజూ ఆయన పక్కనుంచే రైలెక్కాను, ఒక్కరోజు తలెత్తి చూస్తే ఒట్టు.

వరంగల్‌పిల్ల
కాట్స్‌వోల్డ్స్‌లో బోర్టన్ ఆన్ ద వాటర్‌కు అందరం పోతం, ఐస్‌క్రీం తిని వాపస్ వస్తం. దాని పక్కనే అప్పర్ స్లాటర్ అని ఊరున్నది. రెండు యుద్ధాలకూ పోయినోళ్లందరూ పాణాలతోని తిరిగొచ్చిన్రు. గిట్లాంటి ఊళ్లను ఇక్కడ డబ్లీ థాంక్‌ఫుల్ విలేజ్ అంటరు. పేరేమో స్లాటర్, అంటే ఊచకోత! బురదనేల అనే పాత మాటకెల్లి వచ్చిందట.

మాధవరంమనవడు
మాది పశ్చిమ గోదావరి, మిలటరీ మాధవరం. ఇంటికో సిపాయి ఉండే ఊరు. కాబట్టి మనవాళ్ల పేర్లున్న రాళ్ల గురించి సుబ్బు గారడిగిన చివరి ప్రశ్న నాది.

బ్రైటన్ దగ్గర ఛత్రి ఉంది, చూడండి. బ్రైటన్ రాయల్ పెవిలియన్ అనే పాత రాజభవనాన్ని మొదటి యుద్ధంలో గాయపడ్డ మన భారతీయ సైనికులకి ఆసుపత్రి చేశారు. చనిపోయినవాళ్లలో 53 మంది హిందువులనీ సిక్కులనీ ఊరికి దూరంగా కొండ మీద దహనం చేశారు. ఆ చోటే 1921లో ఎనిమిది స్తంభాల మీద తెల్ల పాలరాతి గొడుగు కట్టారు. "అగ్నిలోంచి దాటి వెళ్లిన" అని రాసుంటుంది. ముస్లిం సైనికుల్ని వోకింగ్‌లో ఖననం చేశారు. అల్లరి మూకల బెడద పడలేక 1960ల చివర్లో ఆ సమాధుల్ని బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానానికి మార్చారు.

ఒక్కటి నన్ను ఎప్పుడూ గుచ్చుతుంది. ఛత్రి దగ్గర ఆ 53 పేర్లూ చెక్కింది 2010లో. ఇంగ్లండ్‌లో కుగ్రామానికి కూడా 1920ల్లోనే పేర్ల పలక ఉంది! యుద్ధ సమాధులు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వేసిన కమిటీ 2021లో ఒప్పుకుంది: తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వాళ్లు ప్రధానంగా, కనీసం 1,16,000 మందికి పేరు పెట్టి స్మారకం లేదు, కొందరికి అసలే లేదు. మన వైపువాళ్లు చేరిన మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీరింగ్ దళం మెసొపొటేమియాలోనూ (ఇప్పటి ఇరాక్) పనిచేసింది. మనవాళ్ల పేర్లు బ్రిటన్ ఊళ్లలో వెతికితే ఎక్కడ దొరుకుతాయి సార్!

లెస్టర్‌సుబ్బు
నిన్న వెళ్లొచ్చాం. ఛత్రి దాకా రోడ్డు లేదు. కారు కింద పెట్టి, గేట్లు తీసుకుంటూ, పశువుల మధ్యనుంచి ఎక్కాం. పాప బూటు బురదలో ఉండిపోయింది. పైన గాలికి మా చేతిలో గొడుగు తిరగబడింది. మెట్ల కింద మూడు పెద్ద రాతిపలకలున్నాయి, చితులు పేర్చిన చోట్లు అవేనట. వాటిని తీశానంతే, దగ్గరికెళ్లి క్లోజప్‌లు తీయబుద్ధి కాలేదు. పేర్ల గోడ మాత్రం పాతకెమెరా గారు చెప్పినట్టు పలకలు పలకలుగా తీశాను. జనాభా లెక్కలన్న ఆవిడే టార్చి పట్టుకుని పేర్లన్నీ పైకి చదివింది, పాప వేళ్లు మడిచి లెక్కపెట్టింది. 51 అంటుంది అది. మళ్లీ మొదట్నుంచి చదివాం.

ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ల వార్ మెమోరియల్స్ రిజిస్టర్‌లో పీక్ డిస్ట్రిక్ట్ ఊరిది వెతికితే వివరాలున్నాయి కానీ ఫొటో లేదు. నాది పంపాను. వచ్చే శనివారం బ్రూక్‌వుడ్. వాటర్లూ నుంచి రైలుంది, ఎవరైనా వస్తారా? టార్చి పట్టేవాళ్లు కావాలి.