గిఫ్ట్ డీడా, వీలునామానా? మా ఇంట్లో రెండు వారాలుగా ఇదే పంచాయితీ

సుబేదారి_ఆడబిడ్డ:
మాది హనుమకొండ. బాపుకు 74, సర్కారు బడిలో సారుగా చేసి రిటైరయ్యారు. జీతం డబ్బులతో కొన్న 200 గజాల ఇల్లు, నర్సంపేట దగ్గర తాత నుంచి వచ్చిన మూడెకరాల పది గుంటల పొలం ఉన్నాయి. నేనూ తమ్ముడూ ఇద్దరమే పిల్లలం. వాడు హైదరాబాద్‌లో ఉంటాడు. మొన్న సంక్రాంతికి వచ్చి సకినాలు తింటూ విషయం ఎత్తాడు: "బాపూ, ఉన్నప్పుడే గిఫ్ట్ డీడ్ చేసెయ్యి. వీలునామా అంటే రేపు మేం కోర్టుల చుట్టూ తిరగాలె." ఇల్లు వాడికి, పొలం నాకు అని వాడి లెక్క. బాపు ఏమీ అనలేదు. రిమోట్ తీసుకుని వార్తల సౌండ్ పెంచారు.

నాకేమో వీలునామానే మంచిదనిపిస్తోంది. తమ్ముడితో గొడవ లేదు గానీ ఇంట్లో ఒకటే టెన్షన్. మీ ఇళ్లల్లో ఏం చేశారు?

పరకాల_రైతు:
మీ తమ్ముడిదే కరెక్ట్. మా నాయిన తెల్లకాగితం మీద వీలునామా రాసి పోయాడు. సాక్షులిద్దరూ ఆయన తోటివాళ్లే. మాకు పని పడేనాటికి ఒకాయన పోయాడు, ఇంకొకాయన మంచంలో ఉన్నాడు. ఆ సంతకం నాయినది కాదని మా పెద్దన్న కేసు వేశాడు. ఆరేళ్లు తిరిగాం. అదే గిఫ్ట్ అయితే తహసీల్దార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయిపోయి, పట్టాదారు పాస్‌బుక్‌లో పేరు మారేది.

దస్తావేజు_రైటర్:
రిజిస్ట్రీ ఆఫీసు ముందు 19 ఏళ్లుగా కూర్చుంటున్నా, కాబట్టి చెబుతున్నా. రైతన్నా, మిమ్మల్ని ఆరేళ్లు తిప్పింది వీలునామా కాదు, సాక్షులు. చట్టం అడిగేది ఇద్దరు సాక్షులను. రేపు గొడవొస్తే ఆ ఇద్దరిలో కనీసం ఒకరు కోర్టుకొచ్చి "నా కళ్ల ముందు సంతకం పెట్టిండు" అనాలి. అందుకే సాక్షులు వయసులో చిన్నవాళ్లై ఉండాలి, ఊళ్లోనే దొరికేవాళ్లై ఉండాలి. వీలునామాకు స్టాంప్ డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, చేయిస్తే మాత్రం బలం. ఎన్నిసార్లైనా మార్చి రాసుకోవచ్చు, ఆఖరిదే చెల్లుతుంది. మన వైపు ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు వేసే ముద్ర, తప్పనిసరి కాదు. ఎవరైనా అడ్డం పడితేనే కోర్టు.

గిఫ్ట్ సంగతి కూడా చెబుతా. పోయిన నెల ఒక పెద్దాయనను కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. వేళ్లు అరిగిపోయి మిషన్ మీద ముద్ర పడటం లేదు. కొడుకే చెయ్యి పట్టుకుని, రుమాలుతో తుడిచి తుడిచి నాలుగుసార్లు పెట్టించాడు. అంతా అయ్యాక ఆయన నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు: "ఇప్పుడు ఇల్లు నాది కాదా?" నేను జిరాక్స్ తీసే వంకతో లోపలికి పోయాను.

పరకాల_రైతు:
కొడుకు చూడకపోతే వెనక్కి తీసుకోవడానికి చట్టం ఉంది కదా? 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం, సెక్షన్ 23. ఆర్డీవో దగ్గరికి పోతే చాలు.

దస్తావేజు_రైటర్:
ఉంది. కానీ "నన్ను పోషించాలి" అనే షరతు మీద ఇచ్చి ఉంటేనే ఆ సెక్షన్ పనిచేస్తుంది. 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ షరతు లేనిదే కుదరదంది. 2025 జనవరిలో ఇంకో కేసులో, ఈ చట్టాన్ని ముసలివాళ్లకు మేలు జరిగేలా చదవాలని గిఫ్ట్ రద్దు చేసింది. ఏ బెంచ్ ఏమంటుందో చూసుకుంటూ కూర్చునే బదులు డీడ్‌లోనే ఒక లైను రాయించుకోవచ్చు కదా? "బతికున్నంత కాలం ఈ ఇంట్లోనే ఉంటాను" అని జీవితకాల హక్కు పెట్టుకుని కూడా గిఫ్ట్ ఇవ్వొచ్చు. అలా ఇచ్చినా గిఫ్ట్ చెల్లుతుందని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లైను రాద్దామంటే "అదెందుకు సార్, మేం చూసుకోమా" అని మొదట అనేది కొడుకులే.

కోర్టు_మెట్లు:
అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. తాత పొలం బాపుకు ఎలా వచ్చింది? తాత పోయాక వారసుడిగా బాపు పేరు మీదికి మారిందా (విరాసత్), లేక ఉమ్మడి ఆస్తి పాలు పంచుకుంటే వచ్చిందా? 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక వారసత్వంగా వచ్చిందైతే చాలావరకు అది బాపు సొంత ఆస్తే, ఆయన ఇష్టం. పంపకంలో వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే మాత్రం ఆ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురికీ పుట్టుకతోనే వాటా ఉంది. పెళ్లి చేశాం, కట్నం ఇచ్చాం అంటే ఆ వాటా పోదు. ఇంకో మెలిక ఉంది. ఉమ్మడి ఆస్తిలో విడదీయని తన వాటాను మిగతావాళ్లు ఒప్పుకోకుండా గిఫ్ట్ ఇవ్వడం కుదరదు, వీలునామాలో మాత్రం రాయొచ్చు. కాబట్టి తమ్ముడు తేలిక అనుకుంటున్న దారే పొలం విషయంలో కష్టం కావచ్చు.

పరకాల_రైతు:
ఒకటి మర్చిపోయారు. పాస్‌బుక్ మారిందంటే సర్కారు ఇచ్చే రైతు భరోసా, ఎకరాకు ఏడాదికి 12,000, కొత్త పట్టాదారు ఖాతాలోకే పోతుంది. ముసలాయన చేతిఖర్చు కూడా పోయినట్టే. ఈ ఒక్క మాటలో నేను మీ వైపే.

మండిబజార్_భాయ్:
మా ముస్లింలలో వేరే. వసీయత్ (వీలునామా) రాసినా మూడో వంతు దాటకూడదు. వారసుల్లో ఒకరికి రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. అందుకే మావాళ్లు బతికుండగా హిబా (దానం) చేసి స్వాధీనం ఇచ్చేస్తారు. ఎవరి చట్టం వారిది, పక్కింటివాళ్లను చూసి కాపీ కొట్టొద్దు.

నామినీ_చాలు:
ఇంత రచ్చ ఎందుకు? బ్యాంకులో నామినీ పెడితే అయిపోయె.

కోర్టు_మెట్లు:
కాలేదు. నామినీ డబ్బు తీసుకుని వారసులకు అప్పజెప్పే మనిషి, సొంతదారు కాదు. షేర్ల విషయంలో 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది.

బాబు_వాళ్ల_నాన్న:
గిఫ్టూ వీలునామా రెండూ పనికిరాని ఇల్లు మాది. మా బాబుకు 26 ఏళ్లు, బుద్ధిమాంద్యం. నోటు ఇస్తే ఎవరికైనా ఇచ్చేస్తాడు. వాడి పేరున ఇల్లు రాస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అందుకే ట్రస్టు రాయిస్తున్నాం. ఇంటి కిరాయి ట్రస్టుకు వస్తుంది, అందులోంచి వాడి తిండి, మందులు, చూసుకునే మనిషి జీతం. ట్రస్టీలుగా వాడి అక్క, నా స్నేహితుడు. గార్డియన్ కోసం కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద అర్జీ పెట్టాం. కూతురు సంతకం పెట్టేముందు అడిగింది, "నాన్నా, నా తర్వాత ఎవరు?" అని. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

సుబేదారి_ఆడబిడ్డ:
అందరికీ థాంక్స్. బాపు ఇంకో మాట కూడా అన్నారు. "నన్ను మిషన్ల మీద పండవెట్టకుండ్రి" అని. అది వీలునామాలోనే రాయొచ్చా?

వార్డు_నర్సు:
వద్దు. వీలునామా చదివేది మనిషి పోయాక. మీ బాపు అడిగింది పోకముందు సంగతి. దానికి లివింగ్ విల్ వేరే ఉంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, అప్పట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాలనేసరికి ఎవరూ ముట్టుకోలేదు. 2023 జనవరిలో తేలిక చేశారు. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ చాలు. తను మాట్లాడలేని స్థితిలో తన బదులు నిర్ణయం చెప్పే మనుషుల పేర్లు అందులో రాయాలి. ఆ తర్వాత కూడా ఆసుపత్రిలో రెండు డాక్టర్ల బోర్డులు ఒప్పుకోవాలి.

కానీ ఒకటి. రాత్రి రెండింటికి అంబులెన్స్ దిగినప్పుడు బీరువాలోని కాగితం ఎవరికీ కనబడదు. ముందే మీ ఫ్యామిలీ డాక్టరుకు ఒక కాపీ, మున్సిపల్ ఆఫీసులో ఒక కాపీ ఇవ్వండి. తమ్ముడికి తప్పకుండా ఇవ్వండి. హైదరాబాద్ నుంచి చివరికి వచ్చినవాళ్లే "అన్నీ చేయండి డాక్టర్" అని గట్టిగా అరుస్తారు, నేను చూస్తూనే ఉంటాను.

పాత_కాజీపేట:
బతికున్న మనిషితో చావు కాగితం రాయించడం ఏం పద్ధతి? శుభమా అంటూ.

వార్డు_నర్సు:
అడిగింది ఆయనే కదండీ.

పరకాల_కోడలు:
పొద్దుటి నుంచి అన్నీ చదివాను. ఇల్లు తమ్ముడికి, పొలం అక్కకు. బాగుంది. మీ అమ్మ ఎక్కడుంటుంది? ఏ కాగితమూ లేకుండా మీ బాపు పోతే ఆయన సొంత ఆస్తిలో మీ ముగ్గురికీ తలా ఒక వంతు వస్తుంది, అందులో అమ్మదీ ఒకటి. మీ తమ్ముడి లెక్కలో ఆమెది సున్నా. మా అత్తమ్మకు ఇలాగే చేశారు. ఇప్పుడు ఆమె నెలకో కొడుకు ఇంట్లో, సంచి సర్దుకునే ఉంటుంది.

సుబేదారి_ఆడబిడ్డ:
ఇది చదివాక సిగ్గేసింది. నిజంగానే ఇంట్లో ఎవరం అమ్మను అడగలేదు. రాత్రి అమ్మకు చదివి వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, తలెత్తకుండా, "నేనున్నన్ని రోజులు ఇల్లు నా పేరు మీద ఉండాలె, అటెనుక మీ ఇష్టం" అంది. బాపు టీవీ ఆపేశారు.

వీలునామానే రాస్తామన్నారు. ఇంట్లో అమ్మకు జీవితకాల హక్కు, ఆ తర్వాత తమ్ముడికి. పొలం ఎలా వచ్చిందో తేలాక నాకు. తమ్ముడికి ఫోన్ చేస్తే ముందు గొణిగాడు, తర్వాత "లివింగ్ విల్‌లో నా పేరు కూడా రాయించు" అన్నాడు. సాక్షులే తేలలేదు. బాపు దోస్తులందరికీ డెబ్బై దాటాయి.