నేను వెళ్లని చోటికి వెళ్లినట్టు సాక్షి సంతకం పెట్టమంటున్నారు. రోమా 13 ప్రకారం లోబడాలా?

ప్రశ్న: వారాసిగూడ సిస్టర్

అందరికీ వందనాలు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. ఏ శాఖో, ఏ సర్కిలో రాయను. నాన్న సర్వీసులో ఉండగానే చనిపోవడంతో కారుణ్య నియామకం కింద నాకీ ఉద్యోగం వచ్చింది. ప్రొబేషన్ ఇంకా డిక్లేర్ కాలేదు. ఇంట్లో అమ్మ, ఇంటర్ చదివే తమ్ముడు, నేను.

మా పరిధిలో నాలా పక్కన ఒక చిన్న బస్తీ ఉంది. అన్నీ రేకుల ఇళ్లే. ఖాళీ చేయించాలని పైనుంచి ఒత్తిడి. ఖాళీ చేయించడమే తప్పని నేను అనట్లేదు, వానాకాలంలో ఆ నాలా పొంగితే అక్కడి పిల్లల గతేంటో నాకూ తెలుసు. కానీ వాళ్లకి నోటీసులు ఇవ్వలేదు. ఇచ్చినట్టు, ఇంటివాళ్లు తీసుకోకపోతే తలుపుకి అంటించినట్టు పాత తేదీతో పంచనామా తయారైంది. సాక్షి సంతకాల్లో ఒకటి నాది కావాలంటున్నారు. "నేను అక్కడికి వెళ్లలేదు కదా సార్" అంటే, "వెళ్లావో లేదో ఎవరు చూడొచ్చారమ్మా, రొటీన్ పేపర్" అన్నారు. సోమవారం ఫైలు పైకి వెళ్లాలట.

ఆ బస్తీ నుంచి ఒకావిడ మా ఆఫీసుకి వస్తూ ఉంటుంది. ఇళ్లల్లో పని చేసుకుంటుంది. వచ్చినప్పుడల్లా నా టేబుల్ దగ్గరే నిలబడి, "మేడం, మాకు ముందుగాల కాయితం ఇస్తరా, చెప్పకుండ కూలగొడ్తరా?" అని అడుగుతుంది. "ఇస్తారమ్మా" అని చెప్పాను. రూలు అదే కాబట్టి చెప్పాను.

టెన్షన్ తట్టుకోలేక మా అయ్యగారిని, అంటే మా సంఘం పాస్టర్‌ని అడిగాను. ఆయన చాలా మంచివారు, నాన్న పోయినప్పుడు సమాధి కార్యక్రమం దాకా మా వెంటే ఉన్నారు. రోమా 13 తీసి, "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను" అని చదివి, "నువ్వు చిన్న ఉద్యోగివమ్మా, ఆ పాపం ఆదేశించినవాళ్లదే, ప్రార్థన చేసుకుని సంతకం పెట్టు" అన్నారు. అమ్మ మాటా అదే. నాకు మాత్రం నెమ్మది కలగట్లేదు. ఆరాధన మానేయమంటే ఎదిరించాలని అందరూ ఒప్పుకుంటారు. దానియేలు సంగతి, రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనన్న షద్రకు, మేషాకు, అబేద్నెగోల సంగతి సండే స్కూల్ నుంచీ వింటున్నాం. కానీ ఇక్కడ నన్నెవరూ ప్రతిమకు మొక్కమనలేదు. ఒక సంతకం అడిగారు, అంతే. మనుష్యులకు కాదు దేవునికే లోబడాలన్న అపొస్తలుల కార్యములు 5:29 దీనికి కూడా వర్తిస్తుందా? వాక్యం తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఉద్యోగం మానేయమని మాత్రం తేలిగ్గా చెప్పకండి.

జవాబు: ఉప్పల్ బ్రదర్

వందనాలు సిస్టర్. మీ అయ్యగారి మాట తీసిపారేయొద్దు. పౌలు ఆ రోమా పత్రిక, అంటే రోములోని విశ్వాసులకు ఉత్తరం, రాసేటప్పుడు అక్కడ చక్రవర్తి నీరో. అయినా లోబడమనే రాశాడు. పేతురైతే ముష్కరులైన యజమానులకు కూడా లోబడమన్నాడు. 1525లో జర్మనీ రైతులు వాక్యం చూపించే తిరగబడ్డారు, వేలమంది చనిపోయారు. ఎవరికి వారు మనస్సాక్షి అంటూ పై అధికారి మాట కాదంటే ఏ ఆఫీసూ నడవదు. మీ మీద ఇద్దరు ఆధారపడి ఉన్నారు, అది కూడా దేవుడిచ్చిన బాధ్యతే. ప్రార్థనలో పెట్టుకుంటాను.

జవాబు: బొల్లారం పెద్ద

అమ్మా, నేనూ ప్రభుత్వ ఆఫీసులోనే పనిచేసి రిటైరైనవాణ్ణి, ఇప్పుడు మా సంఘంలో పెద్దను. ఇలాంటి కాగితాలు నా టేబుల్ మీదికీ వచ్చాయి కాబట్టి నీ భయం నాకు తెలుసు.

ముందు మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయం తియ్యి. నాబోతు ద్రాక్షతోట కథ మనం అహాబు దురాశ గురించీ, యెజెబెలు దుర్మార్గం గురించీ చెప్పుకుని వదిలేస్తాం. నాబోతు తన తోట ఇవ్వనన్నాడని రాజు అహాబు మొహం మాడ్చుకుంటే, రాణి యెజెబెలు రంగంలోకి దిగింది. మధ్యలో ఉన్నవాళ్లను చూడు. యెజెబెలు అహాబు పేరుతో ఉత్తరాలు రాసి, రాజముద్ర వేసి నాబోతు ఊరి పెద్దలకు పంపింది. అంటే పద్ధతి ప్రకారం, సరైన ముద్రతో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు. ఆ పెద్దలకు నాబోతు మీద పగ లేదు. వాళ్ల సొంత ఊరివాడే. ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు చేశారు. ఉపవాసం చాటించారు, ఇద్దరు సాక్షుల్ని కూర్చోబెట్టారు, నాబోతు దేవుణ్ణీ రాజునూ దూషించాడని వాళ్ల చేత అబద్ధం చెప్పించారు, నాబోతును రాళ్లతో కొట్టి చంపించి, పని పూర్తయిందని పైకి కబురు పంపారు. ధర్మశాస్త్రం ఇద్దరు సాక్షులు కావాలంది, ఇద్దర్నీ పెట్టారు. కాగితం మీద ఏ లోటూ లేదు. ఆ ఇద్దరిలో ఒకరు "నేను వినలేదు" అని ఉంటే నాబోతు తోట నాబోతుకే ఉండేదేమో. నిన్ను ఇప్పుడు కూర్చోమంటున్నది ఆ సాక్షి స్థానంలోనే. పదాజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ, విగ్రహాలకు మొక్కవద్దన్న ఆజ్ఞ ఒకే దేవుడు ఇచ్చినవి. కాబట్టి 5:29 దీనికి వర్తిస్తుందా అన్న అనుమానం నీకు అక్కర్లేదు, వర్తిస్తుంది.

ఇక రోమా 13. మీ అయ్యగారు మొదటి వచనం దగ్గర ఆగారు. నాలుగో వచనం దాకా వెళ్తే, మేలు కలగడానికే అధికారి దేవుని పరిచారకుడని ఉంటుంది. అధికారం ఎందుకిచ్చాడో కూడా ఆ అధ్యాయంలోనే చెప్పాడు. పైగా నువ్వు ఆ అధ్యాయాన్ని కింద నిలబడి మాత్రమే చదువుతున్నావు. నీ టేబుల్ దగ్గర నిలబడి అడిగే ఆవిడకు పై అధికారి ఎవరు? నువ్వే కదమ్మా. ఆవిడ మేలు కోసం అక్కడ ఉంచబడినదానివి నువ్వు. "నేను చిన్న ఉద్యోగిని" అనే మాట ఆవిడ ముందు చెల్లదు.

పదహారో శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విన్ తన క్రైస్తవ మత సిద్ధాంత గ్రంథంలో, నాలుగో పుస్తకం చివరి అధ్యాయంలో దీని దాకా వచ్చాడు. మామూలు జనం రాజు మీద తిరగబడకూడదని గట్టిగా చెప్పినవాడే, రాజును అదుపు చేయాల్సిన స్థానంలో ఉన్నవాళ్లు చూస్తూ ఊరుకుంటే అది జనానికి ద్రోహమన్నాడు. ఆయన ఉద్దేశం ప్రతినిధి సభల వంటివాళ్ల గురించి, జూనియర్ అసిస్టెంట్ల గురించి కాదు. అయినా అధికారంలో చిన్న భాగం చేతిలో ఉన్నవాడికి కూడా దాని లెక్క వేరే ఉంటుందన్నది నేను అక్కడే నేర్చుకున్నాను.

ఉప్పల్ తమ్ముడూ, 1525 నాటి రక్తపాతం నిజమే, ఆ భయం ఉండాల్సిందే. కానీ ఈ అమ్మాయి ఎవరి మీదా తిరగబడట్లేదు. అబద్ధంలో కలవనంటోంది. నీరో కాలంలో లోబడమన్న పౌలే ఫిలిప్పీలో ఏం చేశాడో చూడు. విచారణ లేకుండా కొట్టించి చెరసాలలో వేసిన అధికారులు, తెల్లారి గుట్టుగా వెళ్లిపొమ్మంటే ఒప్పుకోలేదు. మేము రోమీయులం, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకురావాలన్నాడు. కేసు యూదయలో ఉన్నప్పుడు కైసరు, అంటే రోమా చక్రవర్తి ఎదుట చెప్పుకుంటానన్నాడు. చట్టం చెప్పిన పద్ధతి పాటించమని అధికారులను నిలదీయడం అవిధేయత అయితే పౌలు కూడా అవిధేయుడే అవుతాడు.

ఒక్క మొదటి వచనం పట్టుకుని సంఘాలు ఏం చేశాయో కూడా తెలుసుకో. హిట్లర్ కాలంలో జర్మనీలో ఎంతోమంది పాస్టర్లు ఆ వచనంతోనే నోరు మూసుకున్నారు. దానికి ఎదురుగా 1934 మేలో అక్కడి కొన్ని సంఘాలవాళ్లు కలిసి చేసిన విశ్వాస ప్రకటన, బార్మెన్ ప్రకటన వచ్చింది. అందులో ఎక్కువ భాగం రాసిన కార్ల్ బార్త్ బాన్ యూనివర్సిటీలో ప్రభుత్వ జీతం తీసుకునే ప్రొఫెసర్. హిట్లర్‌కు షరతుల్లేని విధేయతా ప్రమాణం చేయనన్నాడు, క్రైస్తవుడిగా నా బాధ్యతకు లోబడినంత వరకే అని చేర్చమన్నాడు. ఉద్యోగం పోయింది, 1935లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు వెళ్లిపోయాడు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షకు కూడా ఇదే అధ్యాయం అడ్డం పెట్టారు, 1985లో కైరోస్ పత్రం అనే ప్రకటన రాసిన అక్కడి క్రైస్తవులు దాన్ని పేరుపెట్టి తప్పుపట్టారు. మన దేశంలో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు చాలా సంఘాలు మౌనంగా ఉంటే, కేరళకు చెందిన మార్తోమా సంఘం మెట్రోపాలిటన్ (అధిపతి) యూహానోన్ మార్తోమా నేరుగా ప్రధానికే ఉత్తరం రాసి వ్యతిరేకించారు. 1976లో ఢిల్లీ తుర్క్‌మన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చింది ఆ రోజుల్లోనే.

ఉద్యోగం మానేయమని నేను చెప్పను. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సైనికులు వచ్చి మేమేం చేయాలని అడిగితే, కొలువు వదిలేయమనలేదు. ఎవరి మీదా అపనింద వేయొద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఓబద్యా అహాబు కొలువులోనే గృహ నిర్వాహకుడిగా ఉంటూ, యెజెబెలు చంపిస్తున్న ప్రవక్తల్లో నూరుమందిని రెండు గుహల్లో దాచి అన్నపానాలు పెట్టాడు. ఆఫీసులో నీలాంటివాళ్లు ఉండాలి.

జవాబు: కోర్టు మెట్లు

వాక్యం పెద్దాయన చెప్పారు, నేను చట్టం చెప్తాను. నష్టం కలుగుతుందని తెలిసి ప్రభుత్వ ఉద్యోగి తప్పుడు రికార్డు రాయడం పాత ఐపీసీ 218 కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. ఐపీసీ బదులు వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నేరం ఉంది. రేపు బస్తీవాళ్లు హైకోర్టుకి వెళ్తే ముందు తేలేది సాక్షి సంతకమే, అప్పుడు "రొటీన్ పేపర్" అన్న సార్ పక్కన ఉండరు. ఇళ్ల కూల్చివేతపై 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. కానీ రోడ్లు, ఫుట్‌పాత్‌ల వంటి బహిరంగ స్థలాల్లో, నదులు, జలాశయాల పక్కన ఉన్న అక్రమ కట్టడాలకు అది వర్తించదని కూడా చెప్పింది. నాలా పక్క అంటున్నారు కాబట్టి ఆ తీర్పు మీదే పూర్తిగా ఆధారపడకండి. నోటీసు అవసరమా కాదా అన్నది వేరే వాదన. ఇవ్వని నోటీసు ఇచ్చామని రాయడం మాత్రం ఎక్కడైనా అబద్ధమే. నోటిమాటతో కాకుండా ఆదేశం రాతపూర్వకంగా ఇవ్వమని వినయంగా అడగండి. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 3వ నియమం అదే చెప్తుంది, మీ రాష్ట్ర నియమాలు ఒకసారి చూసుకోండి.

వారాసిగూడ సిస్టర్

అందరికీ కృతజ్ఞతలు. నాబోతు కథ రాత్రి అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "మరి ఫీజు?" అంది. నేను సంతకం పెట్టను. "నోటీసు ఇచ్చిన సమయంలో నేను అక్కడ లేను కాబట్టి సాక్షిగా సంతకం చేయలేను" అని నోట్ రాసి ఇస్తాను. కానీ ఒక సంగతి వదలట్లేదు. నేను పెట్టకపోతే మా ఔట్‌సోర్సింగ్ అబ్బాయి చేత పెట్టిస్తారు. వాడికి కాదనే ధైర్యం ఉండదు, నాకన్నా వాడి ఉద్యోగమే తేలిగ్గా పోతుంది. నా చేతులు కడుక్కుని వాణ్ణి ఇరికించినట్టు కాదా?

బొల్లారం పెద్ద

సరైన ప్రశ్న అడిగావు. ఆ అబ్బాయికి ముందే చెప్పు, లాయర్ గారు రాసిన సెక్షన్‌తో సహా. నీ నోట్ ఫైల్లో ఉందంటే అదే కాగితం మీద ఇంకొకరి సంతకం తీసుకోవడానికి పైవాళ్లూ జంకుతారు. జంకకపోతే, ఆ సంతకం నువ్వు తీసుకోలేదు, ఆ పాపం నీది కాదు. కానీ వాడి కోసం మాట్లాడాల్సిన బాధ్యత నీకుంది.

మీ అయ్యగారి దగ్గరికి ఇంకోసారి వెళ్లు. ఈసారి సంతకం పెట్టాలా వద్దా అని అడగొద్దు. జీతం ఆగితే తమ్ముడి ఫీజు సంఘం చూస్తుందా అని అడుగు. ఆయన నీకు మంచివారు కాబట్టి, ఆ ప్రశ్నకు ఆయనే లేచి కమిటీతో మాట్లాడతారని నా నమ్మకం. మాట్లాడకపోతే ఇక్కడ రాయి, మా సంఘంలో నేను అడుగుతాను.

నోట్ ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లు. ఒకదాని మీద ఇన్‌వార్డ్ స్టాంపు, తేదీ వేయించుకుని ఇంట్లో పెట్టుకో.