‘గత్తర లేపిన్రు మేడం’ అంటే మెచ్చుకోలా, తిట్టా?

ప్రశ్న: దేవరకొండలో పనిచేస్తున్న అధ్యాపకురాలు

నేను గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా రెండేళ్ళ క్రితం దేవరకొండకు వచ్చాను. ‘పైలం’ అంటే జాగ్రత్త అనీ, ‘సోపతి’ అంటే స్నేహమనీ, ‘నిమ్మళం’ అంటే కుదుటపడి ఉండడమనీ వినగా వినగా తెలిసిపోయింది కానీ, ఒక మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. మొన్న కళాశాల వార్షికోత్సవంలో నేను పద్యాలు పాడి వేదిక దిగుతుంటే ఒక విద్యార్థి ఎదురొచ్చి ‘గత్తర లేపిన్రు మేడం’ అన్నాడు. అది పొగడ్తేనని అతని ముఖం చూస్తేనే అర్థమైంది. నాలుగు రోజులు తిరగకముందే మా పక్కింటి పెద్దమ్మ, వాకిట్లో ఎండబోసిన మిరపకాయలను తొక్కుకుంటూ పోయిన మేకను ‘నీకు గత్తరొచ్చిపోను’ అని తిట్టింది. ఒకే మాట ఇటు పొగడ్తగా, అటు శాపంగా ఎలా నిలబడుతుందో, నేను దాన్ని తిరిగి వాడవచ్చో లేదో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: చండూరు నుంచి

మేడం గారూ, మీరు విన్నవి రెండూ సరైన వాడుకలే. గత్తర అంటే కలరా. పాతతరం వాళ్ళకు ఈ మాటకు వేరే అర్థం లేదు. ఊరు ఊరంతా హడలెత్తిపోయే జబ్బు కనుక, ఎక్కడైనా గందరగోళం చెలరేగితే ‘గత్తర గత్తర అయింది’ అనడం వచ్చింది. ఇప్పటి పిల్లలు ఆ గందరగోళాన్నే సంబరంగా మార్చుకున్నారు. చప్పట్లు, ఈలలతో సభ దద్దరిల్లితే అదీ వాళ్ళకు గత్తరే. ఉర్దూలో ప్రమాదకరం అనే అర్థం ఉన్న ‘ఖతర్నాక్’ మన నోట ‘అద్భుతం’గా మారినట్టే, అరాజకమని అర్థమిచ్చే ‘అరాచకం’ ఈమధ్య అన్ని జిల్లాల యువతకూ పొగడ్త అయినట్టే ఇదీ మారింది.

జవాబు: మిర్యాలగూడ నుంచి

పై వివరణకు ఒక చిన్న చేర్పు. గత్తర పక్కన ఏ క్రియ వచ్చిందో చూస్తే అర్థం తేలిపోతుంది. ‘దుమ్ము లేపిండు’ అనే మెచ్చుకోలు ముందునుంచీ ఉన్నదే కనుక, ‘లేపిండు’ అంటే దాదాపు ఎప్పుడూ పొగడ్తే. ‘గత్తర చేయకు’ అంటే రచ్చ చేయవద్దని. ‘వచ్చిపోను’ అని చేరితే మాత్రం అచ్చమైన శాపం.

జవాబు: అచ్చంపేట నుంచి

అర్థం గురించి పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తాను. అయితే ఈ మాట బరువు గురించి కూడా చెప్పాలని ఉంది, ఎందుకంటే మా నాయనమ్మ ముందు దీన్ని పలకడానికి మేము భయపడేవాళ్ళం. చిన్నప్పుడు కబడ్డీ గెలిచి వచ్చి నేను ‘గత్తర లేపినం’ అని అరిస్తే, చేటలో బియ్యం ఏరుతున్న ఆమె చేయి ఆగిపోయింది. చేట పక్కన పెట్టి, రెండు చెంపలూ మెల్లగా వేసుకొని, ‘ఆ పేరు ఇంట్ల తియ్యకు బిడ్డా’ అంది. ఆమె చిన్నతనంలో ఊరికి గత్తర వస్తే జనం ఇళ్ళు విడిచి చేలల్లో గుడిసెలు వేసుకున్నారట. గడపలకు వేపమండలు కట్టి, పోచమ్మకు సాక పోసి, ఊరి బావి నీళ్ళే తాగారట. జబ్బు ఆ నీళ్ళలోనే ఉందని వాళ్ళకు చెప్పేవారు లేరు. కలరా క్రిమిని 1884లో కలకత్తాలో రాబర్ట్ కోఖ్ గుర్తించాడు కానీ, ఆ తెలివిడి మన పల్లెల బావుల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. వాంతులు, విరేచనాలతో ఒంట్లోని నీరంతా గంటల్లోనే పోయేది కనుక, పొద్దున నాగలి కట్టిన మనిషి పొద్దుగూకేసరికి పాడె మీద ఉండేవాడని ఆమె చెప్పేది. ఈరోజు ఉప్పు, చక్కెర సరైన పాళ్ళలో కలిపిన నీళ్ళను వెంటనే పట్టిస్తూ ఆసుపత్రికి చేరిస్తే చాలావరకు బతుకుతారు. పిల్లలు ఆ మాటను ఇంత తేలికగా అనగలుగుతున్నారంటే, వాళ్ళు ఆ జబ్బును కళ్ళతో చూడలేదు కనుకనే. అందుకు నాకు సంతోషమే తప్ప కోపం లేదు. అయినా డెబ్బై, ఎనభై ఏళ్ళ వాళ్ళ ముందు మాత్రం వాడకండి మేడం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక సాయంత్రం పెద్దమ్మ దగ్గర కూర్చొని, గత్తరను ఆమె ఎప్పుడైనా చూసిందా అని అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. ‘మా పెద్దన్న గట్లనే పోయిండు’ అని మాత్రం చెప్పి, మిరపకాయల మీద గోనెపట్టా కప్పడానికి లేచింది. విద్యార్థి పొగడ్తను పొగడ్తగానే దాచుకుంటాను. ఆ మాట మాత్రం మా వాకిట్లో అనను.