కర్వ్25519 మీద 10 లక్షల ఆబ్లివియస్ ట్రాన్స్‌ఫర్లు: ఏవి సరిచూడాలి, వేగం ఎలా పెంచాలి?

చరరాశి:

గార్బుల్డ్ సర్క్యూట్‌లో (ఇద్దరు తమ ఇన్‌పుట్లు ఒకరికొకరు చూపకుండా ఉమ్మడిగా లెక్క చేసే పద్ధతి; సర్క్యూట్‌ని గుప్తీకరించేవాడు గార్బులర్, నడిపేవాడు ఇవాల్యుయేటర్) ఇవాల్యుయేటర్‌కి ఇన్‌పుట్ లేబుళ్లు (బిట్ విలువలకి బదులు వాడే రహస్య కీలు) ఇవ్వడానికి 1-అవుట్-ఆఫ్-2 ఆబ్లివియస్ ట్రాన్స్‌ఫర్ (ఓటీ) వాడుతున్నాను. ఇందులో సెండర్ దగ్గరి రెండు మెసేజ్‌ల్లో రిసీవర్‌కి కోరినది ఒక్కటే దక్కుతుంది, ఏది కోరాడో సెండర్‌కి తెలియదు. ప్రోటోకాల్ చౌ, ఓర్లాండీ 2015లో ఇచ్చింది, కర్వ్25519 ఎడ్వర్డ్స్ రూపం మీద. గ అనేది జనరేటర్ బిందువు. సెండర్ రహస్య సంఖ్య అ తీసుకుని ప = అ·గ పంపుతాడు. రిసీవర్ రహస్య సంఖ్య బ తీసుకుని, 0వ మెసేజ్ కావాలంటే ర = బ·గ, 1వది కావాలంటే ర = ప + బ·గ పంపుతాడు. సెండర్ కీలు రెండు: హాష్(అ·ర), హాష్(అ·(ర − ప)). రిసీవర్ లెక్కించగలిగేది హాష్(బ·ప) ఒక్కటే.

టెస్టులన్నీ పాసవుతున్నాయి. అవతలివాడు ప్రోటోకాల్ తప్పి నడిచినా ఇది తట్టుకుంటుందా? ఇన్‌పుట్ 10 లక్షల బిట్లు, బిట్‌కి ఒక ఓటీ. ఇన్ని పాయింట్ గుణకారాలు తప్పించుకునే దారి ఉందా?

వక్రరేఖ:

టెస్టులు పాసయ్యాయన్నది ఓటీ విషయంలో భరోసా కాదండీ. ఇందులో లోపం ఉంటే జవాబు తప్పు రాదు, రహస్యం కారిపోతుంది. రెండు వైపులా నిజాయితీగా నడిపే టెస్టుకి అది కనపడదు.

మొదట కోఫాక్టర్ (వక్రం మీది మొత్తం బిందువుల సంఖ్య, గ పుట్టించే ప్రైమ్ ఆర్డర్ గ్రూపుకి ఎన్ని రెట్లో) చూడండి. ఈ వక్రానికి అది 8. మోసం చేసే సెండర్ ప = అ·గ + ట పంపాడనుకోండి, ట అంటే ఆర్డర్ 8 ఉన్న బిందువు (8తో గుణిస్తే సున్నా బిందువు అయ్యేది). రిసీవర్ 0 కోరితే ర లో ట ఉండదు, 1 కోరితే ఉంటుంది. సెండర్ ర ని గ్రూపు ప్రైమ్ ఆర్డర్‌తో గుణిస్తాడు. సున్నా బిందువు వస్తే ఛాయిస్ బిట్ 0, రాకపోతే 1. ఎక్స్25519 (ఇదే వక్రం మీది కీ మార్పిడి పద్ధతి) అలవాటులో బ ని 8 గుణిజంగా క్లాంప్ చేసి (కొన్ని బిట్లు స్థిరపరచి) ఉంటే ఇంకా ఘోరం: బ·ట సున్నా అయిపోతుంది, రిసీవర్‌కి సరైన కీ వస్తుంది, దాంతో మోసం జరిగిన జాడే ఉండదు.

"బిందువు వక్రం మీద ఉందా" అనే చెక్ దీనికి చాలదు, ట కూడా వక్రం మీదే ఉంటుంది. ప ఒక్కసారే వస్తుంది కాబట్టి దాన్ని ప్రైమ్ ఆర్డర్‌తో గుణించి సున్నా వస్తోందో లేదో చూడండి. ఇంకా మేలు రిస్ట్రెట్టో255కి (ఇదే వక్రం నుంచి ప్రైమ్ ఆర్డర్ గ్రూపు కట్టే పద్ధతి) మారడం, అక్కడ ఈ సమస్యే పుట్టదు.

రెండోది, హాష్ లోపలికి అ·ర ఒక్కటే పోతే చాలదు. ప, ర, ఓటీ నంబరు కూడా వెళ్లాలి. లేకపోతే రిసీవర్ ఒకే ర ని రెండు ఓటీల్లో పంపి ఒకే కీలు పుట్టిస్తాడు. మెసేజ్‌ని కీతో నేరుగా ఎక్సార్ చేస్తుంటే, తను కోరని రెండు మెసేజ్‌ల ఎక్సార్ అతని చేతిలో పడుతుంది.

మూడోది మీరు కోడ్‌లో సరిచేయలేనిది. ఈ ప్రోటోకాల్‌లో రిసీవర్ హాష్ లెక్కించేదాకా అతని ఛాయిస్ ఏదో సిమ్యులేటర్ (సెక్యూరిటీ రుజువులో వాడే ఊహా ప్రోగ్రామ్) రాబట్టలేదు. పెద్ద ప్రోటోకాల్‌లో భాగంగా పెట్టినప్పుడు సెక్యూరిటీ రుజువు అక్కడ తెగిపోతుంది. బేస్ ఓటీకి (పబ్లిక్ కీ లెక్కలతో నేరుగా చేసే ఓటీ) మాస్నీ, రిండల్ 2019లో ఇచ్చిన పద్ధతి చూడండి.

మాత్రిక:

వేగం సంగతి నేను చెబుతాను. వన్-వే ఫంక్షన్‌ని (లెక్కించడం తేలిక, వెనక్కి తిప్పడం కష్టం అయినది) బ్లాక్ బాక్స్‌గా వాడి మాత్రమే ఓటీ కట్టడం సాధ్యం కాదని ఇంపగ్లియాజో, రూడిచ్ 1989 ఫలితం సూచిస్తుంది, కాబట్టి పబ్లిక్ కీ పని పూర్తిగా పోదు. కానీ 128 బేస్ ఓటీలు చాలు, మిగతావన్నీ పీఆర్‌జీ (చిన్న సీడ్‌ని యాదృచ్ఛికంగా కనిపించే పొడవాటి బిట్ల ధారగా సాగదీసేది), హాష్‌లతో అయిపోతాయి. ఇది ఇషాయి, కిలియన్, నిస్సిం, పెట్రాంక్ 2003 ఓటీ ఎక్స్‌టెన్షన్.

రిసీవర్ 128 సీడ్ జతలు తయారుచేస్తాడు. సెండర్ 128 బిట్ల రహస్యం స తీసుకుని, ఒక్కో జతలో స లోని బిట్ చెప్పిన సీడ్‌ని బేస్ ఓటీ ద్వారా తెచ్చుకుంటాడు. అంటే ఈ దశలో పాత్రలు తారుమారు, మీ సెండరే రిసీవర్. తర్వాత రిసీవర్ ప్రతి సీడ్‌నీ పీఆర్‌జీతో 10 లక్షల బిట్ల ధారగా సాగదీసి, జతలోని రెండు ధారలనీ తన ఛాయిస్ వరుసనీ ఎక్సార్ చేసి పంపుతాడు. సెండర్, స లో బిట్ 1 ఉన్నచోట, వచ్చినదాన్ని తన ధారకి ఎక్సార్ చేస్తాడు. ఇవి 128 నిలువు వరుసలు. ట్రాన్స్‌పోజ్ చేసి అడ్డంగా చదివితే సెండర్ దగ్గర ద, రిసీవర్ దగ్గర త (అతని వరుస మొదటి సీడ్ ధారలది): ఛాయిస్ 0 అయితే ద = త, 1 అయితే ద = త ⊕ స. సెండర్ కీలు హాష్(నంబరు, ద), హాష్(నంబరు, ద ⊕ స). రిసీవర్ కీ హాష్(నంబరు, త).

10 లక్షల ఓటీలకి రిసీవర్ పంపేది 16 మెగాబైట్లు, సెండర్ పంపేది 128 బిట్ల మెసేజ్ జతలైతే 32. మీ లేబుళ్లు ఫ్రీ-ఎక్సార్ రకం (ప్రతి జతలోని రెండు లేబుళ్ల ఎక్సార్ ఒకటే) అయితే కోరిలేటెడ్ ఓటీ (రెండు మెసేజ్‌ల మధ్య తేడా ముందే స్థిరంగా ఉండేది) వాడండి, ఆ 32 కాస్తా 16 అవుతుంది. ట్రాన్స్‌పోజ్‌ని ఒక్కో బిట్‌గా రాస్తే టైమంతా అక్కడే పోతుంది, బ్లాకులుగా చేయాలి. హాష్‌కి స్థిరమైన కీతో ఏఈఎస్ వాడితే, ఆ పర్ముటేషన్ π అనుకుంటే, π(π(ద) ⊕ నంబరు) ⊕ π(ద) రూపం తీసుకోండి. గువో, కాట్జ్, వాంగ్, యూ 2020లో దీన్ని విశ్లేషించారు.

చరరాశి:

రిసీవర్ వేర్వేరు నిలువు వరుసల్లో వేర్వేరు ఛాయిస్ వరుసలు పెడితే?

మాత్రిక:

సరిగ్గా అక్కడే పట్టు జారుతుంది. ఒక నిలువు వరుసలో ఒక్క బిట్ తిప్పి పంపితే, ఆ అడ్డువరుస ద లోకి స లోని ఒక బిట్ వచ్చి చేరుతుంది. ఆ ఓటీ మెసేజ్‌ని ఊహించగలిగితే రెండు అవకాశాలూ సరిచూసి ఆ బిట్ పట్టేస్తాడు. 128 అడ్డువరుసల్లో ఇలా చేస్తే స మొత్తం పోతుంది, దాంతో ప్రతి ఓటీలోనూ రెండు మెసేజ్‌లూ పోతాయి.

దీనికి కెల్లర్, ఓర్సీని, షోల్ 2015 చెక్ ఉంది. ప్రతి అడ్డువరుసకీ 128 బిట్ల ఫీల్డ్‌లో ఒక యాదృచ్ఛిక గుణకం ఇచ్చి, ద ల మొత్తం = త ల మొత్తం + స × ఛాయిస్‌ల మొత్తం అవుతోందో లేదో సెండర్ చూస్తాడు. గుణకాలు నిలువు వరుసలన్నీ వచ్చాకే నిర్ణయం కావాలి, ముందే తెలిస్తే చెక్‌ని దాటేలా తప్పులు అమర్చుకుంటాడు. ఛాయిస్‌ల మొత్తం బయటపెడుతున్నాం కాబట్టి 128 + 40 (భద్రతకి మిగులు) = 168 అడ్డువరుసలు అదనంగా వేసి చివర్లో పారేయండి.

ఆ చెక్ రుజువులో లోపం ఉందని రాయ్ 2022లో చూపించి, సాఫ్ట్‌స్పోకెన్ ఓటీ అనే ఎక్స్‌టెన్షన్ ఇచ్చాడు. కొత్తగా రాసేవాళ్లకి నా సలహా అదే. దాని పరామితి 2 పెడితే లెక్కింపు దాదాపు అంతే ఉండి 16 మెగాబైట్లు 8కి దిగుతాయి. 4 పెడితే 4 మెగాబైట్లే, కానీ పీఆర్‌జీ పని రెట్టింపు.

వక్రరేఖ:

రెండు మాటలు చేరుస్తాను. ఓటీ ఎంత పకడ్బందీగా ఉన్నా, గార్బులర్ ఒక బిట్‌కి చెందిన రెండు లేబుళ్లలో ఒకదాన్ని చెడగొట్టి పెట్టగలడు. ఇవాల్యుయేటర్ ఆగిపోతే ఆ బిట్ తెలిసిపోయినట్టే. దీన్ని ఓటీ ఆపలేదు. ఒక్కో ఇన్‌పుట్ బిట్‌ని అనేక యాదృచ్ఛిక బిట్ల ఎక్సార్‌గా విడగొట్టి, వాటికి ఓటీ చేయాలి. 40 ముక్కలు చేస్తే ఆగిపోవడం వల్ల తెలిసేది దాదాపు శూన్యం, కానీ ఓటీల సంఖ్య 40 రెట్లు. ఇన్‌పుట్ పెద్దది కాబట్టి మీరు లిండెల్, పింకాస్ 2007 తరహా మాట్రిక్స్ ఎన్‌కోడింగ్ చూడండి, అది చాలా చౌక.

రెండోది, అవే సీడ్లతో రెండో విడత ఓటీలు తీస్తే పీఆర్‌జీ కౌంటర్ మొదటి విడత ఆగిన చోటి నుంచే సాగాలి. మళ్లీ 0 నుంచి మొదలైతే రెండు విడతల నిలువు వరుసల్ని సెండర్ ఎక్సార్ చేస్తాడు. ధారలు రద్దయి, రెండు ఛాయిస్ వరుసల ఎక్సార్ నేరుగా బయటపడుతుంది. ప్రోగ్రామ్ క్రాష్ అయి తిరిగి మొదలైనప్పుడు ఇది జరుగుతుంది, అందుకని రీస్టార్ట్‌కి కొత్త బేస్ ఓటీలే చేయండి.