ఊబకాయం ఉన్న బాబుకు పారాసిటమాల్ ఏ బరువును బట్టి ఇవ్వాలి?

ప్రశ్న (ఒక తల్లి, హన్మకొండ):
మా బాబుకు 8 ఏళ్లు. ఎత్తు 128 సెంటీమీటర్లు, బరువు 45 కిలోలు. మొన్ననే టాన్సిల్స్ ఆపరేషన్ అయింది. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున లెక్కిస్తే ఒక్కో మోతాదుకు 675 మిల్లీగ్రాముల పారాసిటమాల్ రావాలి. డాక్టరుగారు మాత్రం 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములుండే సిరప్‌ను 8 మిల్లీలీటర్లే, అంటే 400 మిల్లీగ్రాములే, రోజుకు నాలుగుసార్లకు మించకుండా రాశారు. గుటక వేసినప్పుడల్లా వాడు ఏడుస్తుంటే పొరపాటున తక్కువ రాశారేమోననిపిస్తోంది.

జవాబు 1 (మత్తు వైద్యుడు):
అది పొరపాటు కాదండీ. పారాసిటమాల్ ఎక్కువగా శరీరంలోని నీటి భాగంలోకే వ్యాపిస్తుంది, కొవ్వులోకి చేరేది తక్కువ. కాబట్టి కొవ్వు వల్ల పెరిగిన ప్రతి కిలోకూ మందు పెంచుకుంటూ పోతే ఆ అదనపు భారం కాలేయం మీద పడుతుంది. ఆ వయసుకు సగటు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే సూచిక) దాదాపు 15.8, దాన్ని మీటర్లలో ఎత్తు వర్గంతో గుణిస్తే మీ బాబుకు ఉండదగిన బరువు సుమారు 26 కిలోలు వస్తుంది, దానికి మోతాదు 390 మిల్లీగ్రాములు. అయితే ఊబకాయుల్లో కండ, అవయవాల పరిమాణం కూడా కొంత పెరుగుతాయి గనుక, మరీ తక్కువ లెక్కిస్తే నొప్పి తగ్గకపోవచ్చు. అందుకే కొన్ని మందులకు మేము అదనపు బరువులో మూడో వంతు వరకు కలుపుకుంటాం. నొప్పి ఆగకపోతే మోతాదు మీరే పెంచకుండా ఆ డాక్టరుగారికే చెప్పండి.

జవాబు 2 (ఫార్మసిస్టు):
జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, తెలియకుండా రెండూ ఇచ్చేస్తుంటారు. లేబుల్ చదవండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మా అత్తగారి మోకాళ్ల నొప్పికి తెచ్చిన ట్రమడాల్ మాత్రలో సగం ఇవ్వమని ఇంట్లో అంటున్నారు. వాడికి రాత్రుళ్లు గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉండేదనే ఆపరేషన్ చేయించాం.

జవాబు 1:
ఆ మాత్ర ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. కొందరి శరీరం ట్రమడాల్‌ను, అదే కోవకు చెందిన కోడీన్ అనే నొప్పి మందును అతి వేగంగా మరింత శక్తిమంతమైన రూపంలోకి మార్చేస్తుంది, అప్పుడు నిద్రలోనే శ్వాస మందగించవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో ఈ రెండింటినీ 12 ఏళ్లలోపు పిల్లలకు వాడరాదంది. 12 నుంచి 18 ఏళ్లవారిలోనూ ఊబకాయం లేదా నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉంటే వద్దని హెచ్చరించింది. మీ బాబుకు ఆ రెండూ ఉన్నాయి. ఆపరేషన్ అయినా వాపు తగ్గేదాకా శ్వాస ఇబ్బంది కొనసాగవచ్చు. కొన్ని రాత్రులు వాణ్ణి మీ పక్కనే పడుకోబెట్టుకోండి.