చలికొండల్లో వేట శిబిరానికి ఏమేం సర్దుకోవాలి?

ప్రశ్న (తిరుపతి): అమెరికాలోని కొలరాడోలో ఉంటున్న మా బావగారు నవంబరులో ఎల్క్ (ఒక పెద్ద జాతి దుప్పి) వేటకు వెళుతూ నన్నూ రమ్మంటున్నారు. నేను తుపాకీ పట్టను, శిబిరంలో తోడుంటానంతే. ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుమల క్యూలో వణకడమే నేనెరిగిన చలి కనుక, మంచులో నాలుగు రాత్రులు గడపడానికి ఏం కావాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (చిత్తూరు): నూలు బట్టలు ఇంట్లోనే వదిలేయండి. మెరినో ఉన్ని బనీను, దానిపై ఫ్లీస్ (నూగులా మెత్తగా ఉండే సింథటిక్ బట్ట) చొక్కా, ఆపైన గాలి చొరబడని జాకెట్టు ఉండాలి. కొండ ఎక్కేటప్పుడు ఒక పొర విప్పి, కూర్చోగానే మళ్లీ వేసుకోవాలి. ఈ మాట పెడచెవిన పెట్టి, చెమటకు తడిసిన నూలు బనీనుతోనే చెట్టు కింద కూర్చున్న నాకు, కాసేపటికి జిప్పు లాగడానికి కూడా వేళ్లు వంగలేదు.

జవాబు (మదనపల్లె): స్లీపింగ్ బ్యాగు ఎంత ఖరీదైనదైనా, ఒంటి బరువుకు కింది భాగం అణిగిపోతుంది కాబట్టి, నేల చలిని ఆపేది అడుగున పరిచే ప్యాడే. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి గనుక రాత్రిపూట సీసాను తలకిందులుగా పెడితే ఉదయం మూతి దగ్గర మంచు అడ్డుపడదు. బూట్లు బిగుతుగా ఉంటే రెండు జతల మేజోళ్లు వేసినా దండగే.

జవాబు (తిరుపతి): కొలరాడోలో తుపాకీతో ఎల్క్‌ను వేటాడేవారు నడుముకు పైన కనీసం 500 చదరపు అంగుళాల కళ్లు చెదిరే (ఫ్లోరసెంట్) నారింజ లేదా గులాబీ రంగు, టోపీతో సహా, ధరించాలన్నది చట్టం. మీరు వేటాడకపోయినా, మిగతా వేటగాళ్లకు మనిషని తెలిసేలా అదే వేసుకోండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. పెట్టెలో సర్దిన నూలు బనీన్లు ఇప్పుడే తీసేశాను.