200 కి.మీ. దాటితే ఏ సైకిల్ సీటు? జెల్లా, లెదరా, గాడి ఉన్నదా?

కొత్తపెడల్: రోడ్డు బైకు, డ్రాప్ హ్యాండిల్. డిసెంబరులో 200 బ్రెవే (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్), గడువు పదమూడున్నర గంటలు. 60 కి.మీ. దాటగానే కాళ్ల మధ్య తిమ్మిరి. 100 దాటాక సిట్ బోన్స్ (కూర్చున్నప్పుడు బరువు మోసే పిరుదుల ఎముకలు) దగ్గర నొప్పి. షాపులో జెల్ కవర్ వేసుకోమంటున్నారు. కొందరు బ్రూక్స్ కంపెనీ తోలు సీటు బి17 అంటున్నారు, కొందరు పొట్టి ముక్కు సీటు అంటున్నారు. ఏది తీసుకోవాలి?

చువ్వ36: జెల్ కవర్ సంగతి ముందు తేల్చేద్దాం. బొటనవేలితో నొక్కితే దిగిపోయే మెత్తదనం షాపులో పది నిమిషాలు హాయిగానే ఉంటుంది. రెండు గంటలయ్యాక సిట్ బోన్స్ రెండు పక్కలా దిగబడతాయి, అక్కణ్ణుంచి జరిగిన జెల్ మధ్యలో ఉబ్బుతుంది. ఆ ఉబ్బు నొక్కేది నరాలు, రక్తనాళాలు వెళ్లే చోటునే. అంటే తిమ్మిరి తగ్గాలని వేసుకున్నదే తిమ్మిరి పెంచుతుంది. పైగా కవర్ కదిలి తొడలు ఒరుసుకుంటాయి. నిటారుగా కూర్చుని కూరగాయలకు వెళ్లే సైకిలుకైతే సరే, బ్రెవేకు వద్దు. గట్టి ఫోమ్, మధ్యలో గాడి, పొట్టి ముక్కు ఉన్నది చూడండి. మామూలు సీటు 270-280 మి.మీ. పొడవుంటే స్పెషలైజ్డ్ కంపెనీ పవర్ లాంటి పొట్టి సీటు 240. ముందుకు వంగినప్పుడు ముక్కు గుచ్చుకోదు.

తోలుపక్షం: జెల్ మీద మీ మాటే నా మాట. గాడి దగ్గరే తేడా. గాడి మధ్యలో బరువు తీస్తుంది, నిజమే. తీసిన బరువంతా దాని రెండు అంచుల మీదే పడుతుంది. ఆ అంచులు మీ ఎముకల వెడల్పుకు కుదరకపోతే 150 దగ్గర అక్కడే కోసినట్టుంటుంది. బి17లో ఫోమ్ లేదు. ఇనుప చట్రానికి ముందూ వెనకా రివెట్లు కొట్టి బిగించిన తోలు, నులకమంచంలా బరువు పడ్డచోట సాగుతుంది. కొన్ని వందల కి.మీ. అయ్యాక సిట్ బోన్స్ కింద రెండు గుంటలు పడతాయి, ఇక అది మీకు మాత్రమే సరిపోయే సీటు. వందేళ్లు దాటినా ఆ మోడల్ ఇంకా అమ్ముడవుతోందంటే ఊరికే కాదు.

చువ్వ36: అరకిలో పైన బరువు, సుమారు 175 మి.మీ. వెడల్పు. హ్యాండిల్ బాగా కిందికి ఉన్న బైకులో ఆ వెడల్పు తొడల వెనక తగులుతుంది. రెయిల్స్ (సీటు కింది రెండు కడ్డీలు) బిగించే చోటు కూడా తక్కువ, సీటు వెనక్కి జరపాలంటే వెనక్కి వంగిన సీట్ పోస్ట్ (సీటును మోసే గొట్టం) కొనాలి. మరి వాన? జూలైలో మూడు గంటలు తడిస్తే ఆ నులకమంచం ఉయ్యాలవుతుంది.

తోలుపక్షం: వానకు వెనక మడ్‌గార్డ్, పైన షవర్ క్యాప్, అంతే. తోలును తడిపేది పైనుంచి పడే చినుకుల కన్నా చక్రం కింద నుంచి చిమ్మే నీళ్లే. తడిసిన సీటు మీద తొక్కకూడదు, అప్పుడే సాగిపోతుంది. నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ పట్టినా బీటలు వారుతుంది. ముక్కు కింద టెన్షన్ బోల్టు ఉంటుంది, సాగినట్టు కనిపిస్తే పావు చుట్టు బిగించండి, ఊరికే తిప్పకండి. కొందరు నెలనెలా తిప్పుతారు, చివరికి రివెట్ల దగ్గర చిరుగుతుంది. ఇంకోటి, ప్రూఫైడ్ (తోలు సీటుకు రాసే బ్రూక్స్ మైనం) అయిపోయిందని కొబ్బరినూనె రాయొద్దు. తలకు మంచిదే, తోలును మాత్రం అతిగా మెత్తబరిచి కుంగదీస్తుంది. ఇదంతా విసుగనుకుంటే అదే కంపెనీ కేంబియం సీటు ఉంది, పైభాగం రబ్బరు. నూనె అక్కర్లేదు, వాన బెంగ లేదు. గుంటలు మాత్రం పడవు.

మిల్లీమీటరు: ఇద్దరూ సీటు అమ్మేస్తున్నారు, ఆయన బైకు ఎవరూ చూడలేదు. 60 దగ్గరే తిమ్మిరంటే నాకు ముందు అనుమానం వాలు మీద. కొత్తది కొనేలోపు ఇవి చూడండి.

సైకిల్ సమతలంగా నిలబెట్టి, సీటు మీద పొడవుగా ఒక అట్ట పెట్టి, దానిపై ఫోన్‌లో లెవెల్ యాప్ తెరవండి. సున్నా నుంచి ముక్కు 2 డిగ్రీలు కిందికి ఉండొచ్చు. ముక్కు పైకి లేస్తే తిమ్మిరి. మరీ దించితే శరీరం ముందుకు జారుతుంది, దాన్ని ఆపడానికి చేతులు తోస్తాయి, అప్పుడు అరచేతులు మొద్దుబారతాయి. చవక సైకిళ్లలో సీటును పట్టి బిగించే క్లాంప్ పళ్లున్నది వస్తుంది, ఒక పన్ను కదిపితే ఒక్కసారిగా చాలా డిగ్రీలు మారుతుంది. సన్నగా సర్దాలంటే రెండు బోల్టుల సీట్ పోస్ట్ కావాలి.

ఎత్తు: గోడకు ఆనుకుని కాళ్ల మధ్య పుస్తకం గట్టిగా పైకి నొక్కి, నేల నుంచి దాని పైఅంచు దాకా కొలవండి. దాన్ని 0.883తో గుణించండి. 80 సెం.మీ. వస్తే 70.6. క్రాంక్ (పెడల్ తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైకి అంత. ఇది మొదలుపెట్టడానికే. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగితే ఎక్కువైనట్టు, 3-4 మి.మీ. దించండి. ఒక్క తొడ మాత్రమే ఒరుసుకుంటోందంటే చాలాసార్లు ఇదే.

ఆ తర్వాత వెడల్పు. పార్సిల్ డబ్బా అట్ట (మధ్యలో మెలికల పొర ఉన్నది) గట్టి స్టూలు మీద వేసి కూర్చుని, మడమలు కాస్త ఎత్తి, ముందుకు వంగి అరనిమిషం ఉండండి. రెండు గుంటలు పడతాయి, వాటి మధ్యబిందువుల దూరం కొలవండి. వంగి తొక్కేవాళ్లు దానికి 20-25 మి.మీ. కలిపి సీటు వెడల్పు చూసుకోవాలి, నిటారుగా కూర్చునేవాళ్లు 30 పైన.

కొత్తపెడల్: వాలు చూశాను, ముక్కు 3 డిగ్రీలు పైకి ఉంది! గుంటల మధ్య 118. ఇప్పుడున్న సీటు 130.

మిల్లీమీటరు: రెండు కారణాలూ బయటపడ్డాయి. వాలు ఈ రోజే మార్చండి, డబ్బు ఖర్చు లేదు. ఒక 80 కి.మీ. తొక్కి చూడండి. నొప్పి మిగిలితే 118+25, అంటే 143 వెడల్పు సీటు.

తోలుపక్షం: హ్యాండిల్ సీటుతో సమానంగా ఉంటే నా ఓటు ఇంకా బి17కే. నాలుగైదు సెంటీమీటర్లు కింద ఉంటే చువ్వ గారి మాట వినండి. ఇది ఒప్పుకోవడానికి బాధగానే ఉంది :) ఇంకా 300 దాటాలనుకుంటే, రాత్రంతా కూర్చోవాలి కాబట్టి, మళ్లీ ఇక్కడికే వస్తారు.

చువ్వ36: 300 గడువు 20 గంటలు. అంతసేపు కూర్చోవాలంటే సీటు కన్నా షార్ట్స్ ముఖ్యం. ప్యాడ్ షార్ట్స్ కింద లోదుస్తులు వేయకూడదు, వాటి కుట్లే పుండ్లు చేస్తాయి. ఒరుసుకోకుండా క్రీమ్ ఒంటికి రాయండి. తొక్కాక తడిసిన షార్ట్స్‌తో టిఫిన్ సెంటర్లో కూర్చోవద్దు, వెంటనే మార్చండి. పావుగంటకోసారి పెడల్ మీద నిలబడి పది సెకన్లు తొక్కండి, రక్తం ఆడుతుంది. పొట్టి ముక్కు సీటుకు మారితే ముక్కు కొసతో కొలవకండి. పాతదానిలోనూ కొత్తదానిలోనూ 80 మి.మీ. వెడల్పు ఎక్కడొస్తుందో గుర్తుపెట్టి, రెండు గుర్తులూ ఒకే చోటుకు తెండి. ఎత్తు మళ్లీ కొలవాలి, ప్రతి సీటు మందం వేరు. కార్బన్ రెయిల్స్ ఉన్నది కొంటే అవి 7×9 కోడిగుడ్డు ఆకారం, మామూలు 7 మి.మీ. క్లాంప్‌లో బిగిస్తే పగులుతాయి.

కొత్తపెడల్: వాలు ఒక డిగ్రీ కిందికి పెట్టాను. ఆదివారం 80 తొక్కి వచ్చి రాస్తాను. 143 షాపులో తిప్పి ఇవ్వచ్చంటేనే కొంటాను.

తోలుపక్షం: తిప్పి ఇవ్వాలనుకుంటే రెయిల్స్‌కు ఇన్సులేషన్ టేప్ చుట్టి బిగించండి. క్లాంప్ గీతలు పడితే ఏ షాపువాడూ తీసుకోడు.